మీ తాతయ్య పీకేసిన వైరు

పిల్లలూ, పుస్తకాలు చదువుకునే ఆ ఎలక్ట్రానిక్ పలక ఎలా ఉందని ఫోనులో మీరు అడిగినప్పుడల్లా "బాగానే ఉంది" అని ఊరుకుంటున్నాను. మొత్తం చెప్పాలంటే ఓపిక చాలడం లేదు. ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయింది, తాతయ్య పడుకున్నారు, అందుకని రాస్తున్నాను. అక్కకి సగం తెలుసు. తమ్ముడికి అసలేమీ తెలియదు.

తాతయ్యకి నీటికాసులని మీకు తెలుసు కదా. కళ్ళలో చుక్కలు వేస్తున్నా చూపు అంచుల నుంచి తరుగుతూనే ఉంది. ముందు పేపరు మానేశారు. తర్వాత బస్సు మీద బోర్డు చదవడం మానేశారు. ఆఖరికి సాయంత్రం కుటుంబ ప్రార్థనలో బైబిలు వాక్యం చదవడం కూడా మానేశారు. మన ఇళ్ళలో ఇంటి పెద్ద చదవాలి, మిగతావాళ్ళు వినాలి. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయనే చదివారు. ప్లాంటులో షిఫ్టు ఉన్న రోజుల్లో అయితే పొద్దున్నే చదివి, టిఫిను డబ్బా పట్టుకుని బస్సెక్కేవారు.

ఆ చదవడం నా మీద పడింది. పగలంతా ఆయనకి నేనే కళ్ళు. మందు సీసా మీద పేరు నేను చదవాలి, కరెంటు బిల్లు నేను చదవాలి, టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు కూడా నేనే చదవాలి. ఆసుపత్రిలో నర్సుగా చేసినన్నాళ్ళూ నా గొంతు ఇంతగా అరిగిపోలేదు. సాయంత్రానికి ఒక్క పూట ఎవరైనా చదివితే గోడకి జారగిలబడి వినాలనిపించేది. ఇక ఆయనేమో నేను చదువుతున్నంతసేపూ తల వంచుకుని కూర్చుని, ఆమెన్ అనగానే లేచి వరండాలోకి వెళ్ళిపోయేవారు. అన్నానికి పిలిస్తే "నువ్ తినీయే" అనేవారు.

అక్క ఫోనులో వాక్యం వినిపించేది ఏదో పంపింది. ఒక్కరోజు విన్నారు. "ఆడెవుడో సదివితే నాను సదివినట్టా?" అని కట్టేశారు.

అప్పుడు అక్క తను వాడే పలకని కొరియర్లో పంపింది. వెలుగు కళ్ళలో గుచ్చుకోదు, అంతవరకు బాగుంది. కానీ ఎంత పెంచినా అక్షరం ఆయన కంటికి ఆనలేదు. పైగా తెలుగు వత్తులు విడిపోయి, దండ తెగిన పూసల్లా పక్కన పడి ఉండేవి. కంపెనీవాళ్ళకి మన తెలుగు సంగతి పట్టినట్టు లేదు.

"కంపెనీది తీసేసి వేరేది వెయ్యొచ్చు అమ్మమ్మా" అంది అక్క. "బయటివాళ్ళు తీరికవేళల్లో తయారుచేసి ఊరికే ఇస్తారు. అక్షరం నీకెంత కావాలంటే అంత పెద్దది వస్తుంది. కాకపోతే మధ్యలో తేడా వస్తే కంపెనీ తనకి సంబంధం లేదంటుంది. అలా చచ్చిపోయినదాన్ని ఇటుక అంటారు."

ఫోను స్పీకరులో ఆ మాట తాతయ్య తోబుట్టువు, ఆయన అప్ప అని పిలిచే పెద్దావిడ కూడా విన్నారు. పక్క వీధిలో ఉంటారు కదా, రోజూ సాయంత్రం ప్రార్థనకి వస్తారు.

"ఏటే మరదలా, బాగున్నదాన్ని సేతులారా పాడు సేసుకుంటారేటి?"

"కళ్ళకి ఆనాలి కదా వదినా."

"సరే కానీ. ఇటుకైపోతే నాకిచ్చీ. మా కోళ్ళగూడుకి ఓటి తగ్గింది."

తాతయ్య మాత్రం నవ్వలేదు. "కంపెనీ ఓడు ఎయ్యనిది మనవెయ్యడవేటి? ప్లాంటులో అలగ సేత్తే సార్జిసీటు ఇచ్చీవోళ్ళు" అన్నారు. అన్నారే గానీ వద్దనలేదు. ఇంకో గంటకి "అచ్చరం ఎంతొస్తాదంట?" అని అడిగారు. బొటనవేలంత అని చెప్పాను. వేలు ముఖం దగ్గర పెట్టుకుని చూసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం మొదలుపెట్టాం. మీ అమ్మ వదిలేసి వెళ్ళిన పాత ల్యాప్‌టాప్ ఉంది కదా, దానికి బ్యాటరీ పోయింది, గోడ ప్లగ్గులో ఉంటేనే పనిచేస్తుంది. అక్క ఫోనులో చెబుతుంటే నేను చేశాను. ముందు పలకని వైరుతో దానికి తగిలించి, అందులో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి తీసి దాచాం. తర్వాత కొత్తది ఎక్కించడం మొదలైంది. పలక తెర మీద నల్లగీత చీమలా పాకుతోంది. "అది చివరిదాకా వెళ్ళేవరకు కరెంటు పోకూడదు, వైరు కదలకూడదు" అంది అక్క.

కుక్కరు కూతలు ఆగడం లేదు. "ఇది రిపేరులో ఉంది, సూత్తుండండి" అని తాతయ్యకి చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ కట్టేసి వచ్చేసరికి స్విచ్చి ఆపేసి ఉంది. ప్లగ్గు పీకేసి ఉంది. వైరంతా చుట్టగా చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారాయన.

"కరెంటుండగా మిసను మీద పనెవుడు సేత్తాడే? నాను సూడబట్టి సరిపోయింది" అన్నారు.

ఆయన తప్పు కూడా కాదది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులోనే ఉన్నారు. రిపేరు అంటే ముందు కరెంటు తీసెయ్యాలి, స్విచ్చికి తన పేరున్న ఎర్ర కార్డు కట్టాలి, ఆ తర్వాతే మిషను మీద చెయ్యి వెయ్యాలి. అలా చెయ్యని మనిషి ఏమయ్యాడో కళ్ళారా చూసినవారు. రిపేరన్న మాట వినగానే చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి వెళ్ళి ఉంటుంది.

పలక మీద సగం గీత అలాగే ఉండిపోయింది. ఏ బొత్తాం నొక్కినా కదలదు. నాకు కోప్పడే ఓపిక కూడా లేక నేల మీద కూలబడ్డాను.

"అమ్మమ్మా, లైన్లో ఉన్నావా?"

"తాతయ్య ప్లగ్గు పీకీసారమ్మా."

అటునుంచి అక్క నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. "నవ్వకే" అన్నాను. అంతే, ఆయనకి అర్థమైపోయింది.

"పోయిందేటి?"

"పోయినట్టే ఉంది."

ఆ సాయంత్రం మళ్ళీ నేనే చదివాను. ఆయన ఆమెన్‌దాకా కూడా ఉండలేదు.

అక్కకి మళ్ళీ తీరిక దొరికేసరికి ఆదివారం అయింది. చర్చి నుంచి వచ్చి, తిని, మళ్ళీ అన్నీ పరిచాను. పలక బొత్తాలు రెండూ కలిపి నొక్కిపట్టి వైరు తగిలించమంది అక్క. చాలాసార్లు నొక్కాను, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇక వదిలేద్దాం అనుకుంటుండగా తెర ఒక్కసారి నల్లగా మెరిసి లేచింది. దాచిన పాతది ముందు ఎక్కించి, దాని మీద కొత్తది మొదలుపెట్టాం.

తాతయ్య వరండాలోంచి కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చారు. మిఠాయి డబ్బా అట్టముక్క ఒకటి, ఎర్ర రిబ్బను ఒకటి చేతిలో ఉన్నాయి. ఆ అట్టని ప్లగ్గుకి కట్టి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఇది కట్టినోడే ఇప్పాల. ఇంకెవులూ సెయ్యెట్టకూడదు" అన్నారు. ఈసారి కార్డు కరెంటు తియ్యడానికి కాదు, తియ్యకుండా ఉండడానికి.

అదే సమయానికి వదిన ఫోను పట్టుకుని వచ్చారు.

"ఒరే తమ్ముడూ, సార్జింగు అయిపోనాదిరా. ఆ ప్లగ్గు ఓపాలి ఇయ్యి."

"లైన్లో పని జరగతంది అప్పా. కార్డు కనబడట్లేదేటి?"

"నువ్ ప్లాంటు వదిలీసినా ప్లాంటు నిన్ను వదల్లేదురా!"

"తిట్టుకో. ప్లగ్గు మాత్రం ఇవ్వను."

ఆవిడ గొణుక్కుంటూ వంటింట్లో ప్లగ్గు వెతుక్కున్నారు. నల్లగీత చివరిదాకా వెళ్ళింది. పలక ఆగి, మళ్ళీ వెలిగింది. అక్క చెప్పిన చోట తెలుగు అక్షరం మార్చి, పెద్దది చేస్తూ పోయాను. వత్తులు వాటి చోట అవి కూర్చున్నాయి. ఆయన చేతికిచ్చాను. చదువుతున్నారో చూస్తున్నారో నాకు తెలియలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

సాయంత్రం వాక్యం ఆయనే అందుకున్నారు. పిల్లలూ, అద్భుతమేదో జరిగిందనుకోకండి. తెరకి నాలుగు మాటలే పడుతున్నాయి. ఒక వాక్యం పూర్తయ్యేలోగా ఎన్నోసార్లు పేజీ తిప్పాలి. తిప్పినప్పుడల్లా తెర ఒక క్షణం నల్లబడుతుంది, ఆయన ఆగుతారు, మళ్ళీ వెతుక్కుని మొదలుపెడతారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అది జబ్బు నీరే. మధ్యలో తువ్వాలుతో తుడుచుకుంటుంటే అలవాటు కొద్దీ నా చెయ్యి చాచాను.

"ఉండే. ఇంకా ఉంది" అని పలకని తనవైపు జరుపుకున్నారు.

నేను చెయ్యి వెనక్కి తీసుకుని గోడకి జారగిలబడ్డాను. ఆయన గొంతు వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. ఎక్కడిదాకా విన్నానో చెప్పలేను. వదిన మోచేత్తో పొడిస్తే మెలకువ వచ్చింది.

"వాక్యం సదువుతంటే నిద్దరేటే, మరదలా?"

నేను సర్దుకుని కూర్చోబోయాను. ఆయన పలక మీంచి తల ఎత్తకుండానే అన్నారు, "పడుకోనీ అప్పా. నాను సదువుతన్నాను కదా."