లెక్కల మాస్టారి మీసం

మా మనవరాలు నెల్లూరులో ఒక కాలేజీలో లెక్చరరు. చూపు లేనివాళ్ళకు, వినికిడి లేనివాళ్ళకు, నడవలేనివాళ్ళకు మామూలు తరగతిలోనే పాఠం ఎలా చెప్పాలో తోటి లెక్చరర్లకు నేర్పే పని ఈ మధ్య దాని నెత్తిన పడింది. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక హాల్లో కిటికీ తెరలన్నీ లాగేసి, గోడ మీద బొమ్మలు పడేలా కంప్యూటరు పెట్టుకుని, మర్నాడు కాలేజీలో చెప్పబోయేదంతా ముందుగా మాకు అప్పజెప్పింది. విషయం బాగుంది, భాష బాగుంది, కానీ ఆ చీకట్లో దాని మొహం నాకు కనబడలేదు, కనబడిన కాసేపూ గోడవైపే తిరిగి ఉంది. నేను లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచి వెళ్ళి తెర పక్కకు లాగాను. ఒక్క పది నిమిషాలు కుదురుగా కూర్చోలేవా అమ్మమ్మా అని విసుక్కుంది. కూర్చోలేను. ఈ వయసులో మోకాళ్ళు వద్దన్నా మనసు నిలవనివ్వదు, అందులోనూ వెలుతురుకు వీపు పెట్టి పాఠం చెప్పేవాళ్ళను చూస్తే అసలే నిలవనివ్వదు.

చిన్నప్పటి నుంచీ అంతే. మా అమ్మ నన్ను కాలుకాలిన పిల్లి అనేది. టీచరు ట్రైనింగు పూర్తయి ఉద్యోగం కోసం ఎదురుచూడవలసి వచ్చినప్పుడు ఇంట్లో కూర్చోలేక, మద్రాసులో వినికిడి లేని పిల్లల బడిలో మేట్రనుగా ఉన్న మా పెద్దమ్మ దగ్గరకు రైలెక్కి పోయాను. శ్రీహరికోట పేరు చెబితే పడవల్లో వచ్చే వంటచెరకు తప్ప మరేదీ గుర్తుకురాని రోజులవి, నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ బడిలో ఏడాదిపాటు నేర్చుకున్నాను. ఎదుటి మనిషి పెదవుల కదలికను బట్టి మాట పట్టుకోవడం అక్కడి పిల్లల పని, ఆ పెదవులు వాళ్ళకు స్పష్టంగా కనబడేలా నిలబడడం మా పని. ట్రైనింగులో తరగతి అంతా కలియతిరుగుతూ చెప్పమని నేర్పితే, ఇక్కడి పెద్ద టీచరు నేల మీద సుద్దముక్కతో చిన్న గడి గీసి అందులోనే నిలబడమంది, తల తిప్పావంటే వాళ్ళకు నువ్వు నోరు మూసుకున్నట్టే అంది. ఆ గడిలో నిలబడలేక మొదటి వారం నేను ఏడ్చాను కూడా. కాళ్ళు లాగేవి, ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది, అయినా ఎదురుగా నా నోటి మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్న పిల్లలను చూసి ఎలాగో నిలబడడం నేర్చుకున్నాను.

అరవయ్యో దశకం మొదట్లో వెంకటాచలానికి తూర్పున, ఉప్పుగాలి తగిలే ఒక ఊళ్ళో హైస్కూల్లో నాకు ఉద్యోగమైంది. నేను చేరిన ఏడే ఆరో తరగతిలో, అప్పటి వాడుకలో ఫస్టు ఫారంలో, చెవులు వినబడని ఒక పిల్ల చేరింది. ఐదేళ్ళప్పుడు విషజ్వరం వచ్చి వినికిడి పోయిందట. అప్పటికే మాటలు వచ్చి ఉండడం వల్ల ఎత్తుదిగువలు లేని గొంతుతో అయినా తెలుగు చక్కగా మాట్లాడేది. తండ్రి ఊళ్ళో హైస్కూలు లేదు, పైగా పుట్టింది మొదలు అమ్మమ్మ ఇంట్లోనే పెరిగిన పిల్ల, అందుకని ఇక్కడే ఉండి చదువుకునేది. ఆమె మేనమామే మా బడిలో లెక్కల మాస్టారు. మోతుబరి రైతు కొడుకై ఉండీ చదువు మీద ఇష్టంతో పంతులుగిరీకి వచ్చిన మనిషి. నల్లటి ఒత్తయిన మీసం పై పెదవిని పూర్తిగా కప్పేసి కింది పెదవి దాకా దిగి ఉండేది, ఆ చుట్టుపక్కల ఆయన పేరు తెలియనివాళ్ళు కూడా ఆ మీసం చెబితే గుర్తుపట్టేవాళ్ళు.

మా హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు గానీ భయస్థుడు. ఇన్‌స్పెక్టరు వస్తే ఈ పిల్లను చూపించి ఏం చెప్పుకోవాలా అని ఆయన దిగులు. నేను మద్రాసులో నేర్చుకున్నది విని, శనివారం మధ్యాహ్నాలు మిగతా మాస్టర్లకు కూడా ఆ పద్ధతి చెప్పమన్నాడు, చెప్పి, "చూడమ్మా, క్వార్టర్లీ దాకా ఉండనిస్తాను. లెక్కల్లో తప్పిందా, పేరు కొట్టేస్తాను, తర్వాత నన్నడగొద్దు" అని ఒక మెలిక పెట్టాడు. పేరు కొట్టేస్తే ఆ పిల్లకు ఇంకో బడి లేదు. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టేది కాదు, పరీక్ష నాదే అయినట్టు తిరిగాను.

నా తండ్రి వయసువాళ్ళను వరుసగా సుద్దగడిలో నిలబెట్టడం ఎలాంటి పనో మీరే ఊహించుకోండి. తొక్కుడుబిళ్ళ ఆడిస్తుందిరా ఈ అమ్మి మనచేత అని వాళ్ళలో వాళ్ళు నవ్వుకున్నారు. సైన్సు మాస్టారు బోర్డుతోనే మాట్లాడేవాడు, ఆయన్ని ఇటు తిప్పడానికి నెల పట్టింది. తెలుగు పండితుడుగారు మాత్రం పాపం, బుగ్గన తాంబూలం ఉంటే పెదవులు సరిగ్గా కదలవని చెప్పగానే, బళ్ళో ఉన్నంతసేపూ దాన్ని మానేశారు, దానికి బదులు నన్ను తిట్టుకుంటూ లవంగం నమిలేవారు. లెక్కల మాస్టారు గడిలో నిలబడ్డాడు, వెలుతురుకు మొహం పెట్టాడు, చెప్పినవన్నీ చేశాడు, చేసి ఇది దండగమారి పని అన్నాడు. "దానికి నేనంటే గిట్టదమ్మా. ఇంట్లో అందరి మాటా తెలస్తాది, నా మాటే తెలవదు. నేను నోరు తెరిస్తే మొహం తిప్పుకుంటాది. ఆస్పత్రికి ఎత్తుకపోయింది నేనే గదా, ఆ సూదులన్నీ నేనే పొడిపించినానని దాని కోపం" అన్నాడు. అంత మనిషీ ఆ మాట అంటున్నప్పుడు కిటికీ బయటికి చూశాడు. జ్వరానికి ముందు ఆ పిల్ల ఆయన భుజం దిగేది కాదని తరువాత తెలిసింది.

ఆ సోమవారం ఆయన తరగతిలో వెనక బల్ల మీద కూర్చున్నాను. తెలుగు పాఠంలో పండితుడుగారి నోటి మీద నుంచి చూపు తిప్పని పిల్ల ఇక్కడ బోర్డు చూస్తోంది, పక్కపిల్ల పుస్తకం చూస్తోంది, మామ వైపు ఒక్కసారీ చూడడం లేదు. మద్రాసులో మాకు అలవాటు చేసినట్టు రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నేను కూడా ఆయన్నే చూశాను. మీసం కదులుతోంది. అంతే, మీసం తప్ప మరేమీ కదలడం లేదు. ఆయన కూడికలు చెబుతున్నాడో, ఎవరినైనా కోప్పడుతున్నాడో నాకే తెలియలేదు, ఆ పిల్లకు ఏం తెలుస్తుంది!

నాలాంటిది ఆ మాట కడుపులో దాచుకోగలదా? బెల్లు కొట్టగానే వరండాలో ఆయన వెంటబడి, మీ మీసం అడ్డం వస్తోంది మాస్టారూ, తీసేయండి అని చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేనన్నది స్టాఫురూములో అందరికీ వినబడింది. పండితుడుగారు నన్ను పక్కకు పిలిచి, "వాళ్ళ నాయన నిక్షేపంలా ఉండాడు గదమ్మా, ఆ మాట అడగొచ్చా ఎవరన్నా?" అన్నారు. తండ్రి పోతే తప్ప ఆ ఇళ్ళల్లో కొడుకులు మీసం తీయరు. తండ్రి ఉండగా తీయడమంటే ఆయన చావును కోరుకున్నట్టే. మా నాన్న ఆస్పత్రి కాంపౌండరు, నాకు తెలిసినప్పటి నుంచీ నున్నగా గీసుకున్న మొహమే, మా ఇంట్లో ఈ పట్టింపు లేదు. నాకు సిగ్గు వేయలేదు, కోపమే వచ్చింది. ఒక పక్క పరీక్షలు దగ్గరపడుతుంటే ఈ మీసాన్ని పట్టుకుని వేలాడతారేమిటి అని ఇంటికి పోయి అన్నం తినకుండా వాకిట్లో పచార్లు చేశాను.

అయితే ఆయన ఊరికే ఉండలేదు. రెండు రోజుల తరువాత మీసానికి ఆముదం దట్టంగా రాసి, దువ్వి, రెండు కొసలూ పైకి మెలేసుకుని బడికి వచ్చాడు. పెదవి కాస్త కనబడింది. పిల్లలు గుసగుసలాడుకున్నారు, పండితుడుగారు లవంగం మింగేశారు. కానీ చెమటకూ సముద్రపు గాలికీ అది రెండో పీరియడు దాటకుండానే మెల్లగా జారి మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. కనీసం అంచు కత్తిరించుకుందామని మంగలి దగ్గరకు పోతే, మాస్టారి తండ్రి పెద్దాయన చెప్పందే ఆ మీసానికి కత్తెర తగిలించనని అతను చేతులు కట్టుకున్నాడట. అలా ఆ సంగతి పెద్దాయన చెవిన పడింది, పడిన సాయంత్రమే నాకు పిలుపు వచ్చింది.

తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. పెద్దాయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు, మాస్టారు స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. "టీచరమ్మా, నా కొడుకు మీసం తియ్యమన్నావంట. నేనింకా బతికే ఉండానే?" అన్నాడు పెద్దాయన, కోపంగా కాదు, నిజంగా అడుగుతున్నట్టే. నేను నిలబడలేక అటూ ఇటూ తిరుగుతూనే అంతా చెప్పాను. ఆయన విన్నాడు. విని మనవరాలిని కేకవేయించి, ఎదురుగా నిలబెట్టుకుని, భుజం మీది తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అడిగాడు. పిల్ల బిత్తరపోయి చూసింది. గుడ్డ తీసి అదే మాట మళ్ళీ అడిగాడు, ఆకలి కావడం లేదా అని. ఇప్పుడే సంగటి తిన్నాను తాతా అంది. ఆయన మరోసారి గుడ్డ పెట్టుకున్నాడు, తీశాడు. పిల్లను పెరట్లోకి ఆడుకోమని పంపేశాడు.

ఆ తరువాత మంగలిని పిలిపించాడు. మాస్టారు వద్దు నాయనా అంటూ వెనక్కి జరిగితే, "నేను పొయ్యినాక తీస్తే నేనేమన్నా చూడొస్తానా? అదేందో నేనుండంగానే తీసెయ్‌రా, పిల్లకన్నా పనికొస్తాది" అన్నాడు. లోపల నుంచి ఆయన భార్య ఏడుపు వినబడింది. మాస్టారు తండ్రి మంచం ముందే నేల మీద తలవంచి కూర్చున్నాడు. మంగలి కత్తి తీశాడు. నేను చూపు తిప్పుకోలేదు, అడిగింది నేనే కదా.

పెరట్లో నుంచి తిరిగి వచ్చిన పిల్ల బోసి మూతితో ఉన్న మామను చూసి కెవ్వుమంది, తాతా అంటూ పరుగెత్తి మంచం మీది పెద్దాయన్ని వాటేసుకుంది. ఆయన బతికే ఉన్నానని నవ్వి, దాని మొహం పట్టుకుని మామ వైపు తిప్పాడు. మాస్టారు నేల మీద నుంచి లేచి దగ్గరకు వచ్చాడు. నా మీద ఎందుకే నీకు అంత కోపం అని అడిగాడు. జ్వరం వచ్చిన నాటి నుంచీ ఆ పిల్ల ఆయన నోటి నుంచి పట్టుకున్న మొదటి మాట అదే. ఆ ఎత్తుదిగువలు లేని గొంతుతో, వీధంతా వినబడేలా జవాబు చెప్పింది. "నువ్వే గదా మామా మానేసినావు. అందరితో మాట్లాడతావు, నాతోనే మాట్లాడవు."

పరీక్షలో లెక్కలు గట్టెక్కాయి, గొప్పగా ఏమీ కాదు, గట్టెక్కాయి. హెడ్మాస్టరు పేరు కొట్టేయలేదు. మాస్టారిని బజారులో చూసినవాళ్ళంతా పెద్దాయన ఎప్పుడు పోయాడని పరామర్శించేవాళ్ళు, ఆయన ప్రతివాళ్ళకూ నిలబడి ఓపికగా విషయం చెప్పేవాడు, చెప్పినా కొందరు తిట్టిపోసేవాళ్ళు. ఆయన మీసం మళ్ళీ పెంచలేదు. ఆ పిల్ల స్కూలు ఫైనలుకు వచ్చిన ఏడు పెద్దాయన నిజంగానే పోయాడు. నేనూ వెళ్ళాను. చెరువు గట్టున మంగలి మాస్టారికి తల గీసి, అలవాటు కొద్దీ తడిచేయి పై పెదవి మీదకు తెచ్చి, అక్కడ తీయడానికి ఏమీ లేక ఆగిపోయాడు. అప్పటిదాకా కన్నీరు పెట్టని మాస్టారు అప్పుడు ఏడ్చాడు.

ఇప్పుడు చెవిలో పెట్టుకునే మిషన్లు వచ్చాయి, చట్టాలు వచ్చాయి, కాలేజీ లెక్చరర్లను కూడా పిలిచి నేర్పుతున్నారు. ఇవన్నీ రావాలనే మేము కోరుకున్నాం, రాలేదని నేను ఎంతమందితోనో పోట్లాడాను. మీసానికి కూడా పాత బరువు లేదు, తండ్రి పక్కన కూర్చుని కాఫీ తాగుతుండగానే కొడుకులు గీసేసుకుంటున్నారు, సరదా పుడితే మళ్ళీ పెంచుకుంటున్నారు. ఇవాళ ఏ కుర్ర లెక్చరర్ని అడిగినా సాయంత్రానికల్లా నవ్వుతూ తీసేసి వస్తాడు, అది మంచికే, నేను కాదనను. కానీ ఆ వాకిట్లో మంగలి ముందు తలవంచి కూర్చున్న ఆ మనిషిని తలచుకుంటే మాత్రం, ఒక పిల్లకు పాఠం అందడం కోసం ఇంకొకరిని అంత పెద్దది అడగడం నాకు ఇప్పుడు చేతనవుతుందా అనిపిస్తుంది, అడిగినా ఇవ్వడానికి అంత పెద్దది ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఉందో లేదో నాకు తెలియదు.