పేజీలో పడిలేచే బొమ్మ

ఫిబ్రవరి నెల బడి భోజనాల పట్టికలో, మూడో మంగళవారం నాటి సాబా చేప ఈదింది.

జపాన్‌లో తకసాకి అనే ఊళ్ళో ఒక ప్రాథమిక పాఠశాల నెలనెలా తల్లిదండ్రులకి పంపే పట్టిక అది. ఈమధ్య కాగితం మానేసి పీడీఎఫ్‌గా పంపుతున్నారు. మంగళవారం గడిలో 'మిసో ముద్దతో ఉడికించిన సాబా' అని రాసి, పక్కనే వేలెడంత చేప. అది తోకాడించింది, గడి ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెళ్ళింది, గోడ తగిలినట్టు వెనక్కి తిరిగింది. ఆ మంగళవారం రెండో తరగతి పిల్లలు చేప ముట్టలేదు. దాన్ని బతికుండగా చూశామన్నారు. వంటల బాధ్యురాలు ఆ పట్టిక తయారుచేసే అచ్చుకూటానికి ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, చేపని కాస్త ఆపగలరా అని అడిగింది.

చేపని ఈదించింది ఆ అచ్చుకూటంలో పనిచేసే మొగి చిజుకో. ఎవరూ అడగలేదు. గడిలో చోటు మిగిలిందట, అందుకని.

చిజుకో ఒకచోట ఉండలేని మనిషి. చిన్నప్పుడు తాతగారి సంవత్సరీకానికి గుడిలో అందరూ మోకాళ్ళ మీద కూర్చుని ఉంటే, ఈవిడ మాత్రం మంత్రాలు పూర్తయ్యేలోగా చాప సగం దాటి అత్తయ్య ఒళ్ళోకి చేరింది. "కాళ్ళూపకే తల్లీ, కొంపకి దరిద్రం!" అని వాళ్ళమ్మ మోకాలి మీద ఒకటేసేది. ఊపడం ఆగలేదు, దరిద్రం కూడా పెద్దగా రాలేదు. పెళ్ళయ్యాక ఆ పిచ్చి ఇంటి సామాను మీదికి మళ్ళింది. భర్త ఒకరోజు పనినుంచి వచ్చి, అలవాటు ప్రకారం సోఫాలో కూలబడబోయి నేలమీద కూలబడ్డాడు. సోఫా ఆ మధ్యాహ్నమే కిటికీ కిందికి వెళ్ళింది. అప్పటినుంచి ఆయన కూర్చునే ముందు చేత్తో తడిమి చూసుకుంటాడు, పక్కవాళ్ళ ఇళ్ళల్లో కూడా. చలికాలమంతా అకాగి కొండమీదినుంచి తలుపులు దడదడలాడించే పొడిగాలి ఉంది చూశారూ, అది ఈవిడ మేనత్త కూతురేనని ఆయన నమ్మకం.

ఇలాంటి మనిషి పాతికేళ్ళుగా లెక్కల పుస్తకాలు, భౌతికశాస్త్రం పుస్తకాలు పేజీలు కూర్చే పనిలో ఉంది. కంప్యూటర్‌కి ఆదేశాలు రాసి, వాటితో పేజీ కట్టించే పని. అక్షరం ఎక్కడ పెడితే అక్కడే ఉండాలి. ఊపిరాడక చచ్చిపోతానేమో అనుకుంటున్న రోజుల్లో, పీడీఎఫ్ పేజీలో బొమ్మని కదిలించే ఉపాయం ఒకటి ఆవిడ కంటపడింది. ఒక్కో భంగిమకి ఒక్కో పటం గీసి, అన్నిటినీ పేజీలో ఒకేచోట ఒకదాని కింద ఒకటి దాచి, ఒక్కొక్కటే పైకి చూపించమని ఆదేశం రాయాలి. తప్పు వస్తే ఏమీ కదలదు, ఒప్పు వస్తే పేజీకి ప్రాణం వస్తుంది. చిజుకో ఆరోజు అన్నం తినడం మరిచిపోయింది.

చేప గొడవ అయిన మర్నాడు, సెక్షన్ పెద్ద కురిబారా ఆవిణ్ణి పిలిచాడు. ఆయన పద్ధతి మనిషి. ఆయన టేబుల్ మీద పెన్ను కూడా అడిగి కదులుతుంది.

"మొగి గారూ, చేప ఈదింది."

"అవునండీ."

"ఎందుకు?"

"చేప కదండీ."

కురిబారా తన టీకప్పుని సాసరు నడిమధ్యకి జరుపుకున్నాడు. "విశ్వవిద్యాలయం ఇసోబే మాస్టారు వచ్చే నెల పదవీ విరమణ చేస్తున్నారు. చివరి ఉపన్యాసానికి పీడీఎఫ్ కరపత్రం మనమే వేస్తున్నాం. అందులో కదిలే బొమ్మ కావాలన్నారు. ఆ బొమ్మ సభలో సరిగ్గా కదిలిందా, ఈ కదిలే బొమ్మల పని మీ చేతిలోనే ఉంటుంది. కదల్లేదనుకోండి, మీరు కొత్త సంవత్సరపు కార్డుల సెక్షన్‌కి. అక్కడ ఏదీ ఈదదు."

ఆ సెక్షన్‌లో ఏడాదంతా అవే నాలుగు శుభాకాంక్షలు. వాటి కింద పేర్లు మార్చడమే పని. చిజుకో కాలు టేబుల్ కింద ఆగిపోయింది. పాతికేళ్ళలో అది ఆగడం కురిబారా మొదటిసారి చూశాడు.

ఇసోబే మాస్టారు జీవితమంతా ఒకే ఒక్క సంగతి తేల్చుకుంటూ గడిపాడు. గుండ్రటి అడుగున్న దరుమా బొమ్మని తోస్తే పడుతుంది, లేస్తుంది, అటూఇటూ ఊగుతుంది, ఆగుతుంది. ఎలా ఆగుతుంది? తకసాకిలో ప్రతి ఇంట్లో, ప్రతి కొట్టులో ఆ ఎర్రబొమ్మ ఉంటుంది. దాని కళ్ళు ఖాళీగా ఉంటాయి, ఒక కోరిక కోరి ఒక కన్ను దిద్దుతారు, తీరాక రెండోది. ఊరంతా కళ్ళు దిద్దుకుంటుంటే, ఈయన ఊగులు కొలుచుకున్నాడు.

చిజుకో గీసిన మొదటి బొమ్మ చూసి ఆయన మురిసిపోయాడు. పక్కకి పడి ఉన్న దరుమా మెల్లిగా లేచింది, ఊగింది, ఊగింది, ఇంకా ఊగుతూనే ఉంది.

"ఇది ఆగదా అమ్మా?"

"తిరిగి మొదటికొచ్చేలా పెట్టానండీ. ఆగితే ఏం బావుంటుంది మాస్టారూ, కదులుతుంటేనే కదా అందం!"

"నా బతుకంతా అది ఆగడం గురించేనమ్మా," అన్నాడాయన దిగులుగా. "ఆగకపోతే నేనేం చేసినట్టు?"

చిజుకో సిగ్గుపడింది. ఆ వారమంతా బొమ్మని ఆపడం మీద కూర్చుంది. కూర్చుంది అనడం మాటవరసకే, లేచి తిరుగుతూనే ఉంది. ఒక్కో ఊగు ముందుదానికన్నా చిన్నది కావాలి, చివరిది కంటికి ఆనీ ఆననట్టుండాలి. అరవై చిల్లర పటాలయ్యాయి. ఇలాంటి బొమ్మలకి ఒక పెంకితనం ఉంది. ఏ ప్రోగ్రాంలో పడితే ఆ ప్రోగ్రాంలో తెరిస్తే మొదటి పటం చూపించి బిగుసుకుపోతాయి. అందుకని తనే సభాభవనానికి వెళ్ళి, అక్కడి కంప్యూటర్లో సరైన ప్రోగ్రాం పెట్టించి, బొమ్మని పడేసి లేపి చూసుకుని వచ్చింది. ఇక భయం లేదనుకుంది.

కానీ కురిబారా గారి ముద్ర మిగిలి ఉంది.

ఆ అచ్చుకూటంలో ముద్ర పడనిది గడప దాటదు. "కరపత్రం మీద వేశారు కదండీ," అంది చిజుకో.

"కనిపించేది ఒక పటం. దాని కింద మీరు దాచినవి అరవై. నేను చూడనిదానికి నేను పూచీ పడాలా? అన్నీ అచ్చుతీయండి."

మామూలు కాగితం దండగని, గోదాములో మిగిలిపోయిన కొత్త సంవత్సరపు కార్డుల మీద తీయించాడు. ఒకవైపు, ఏడాదికో జంతువు లెక్కన, పోయిన ఏటి కుందేలు, ఇంకోవైపు దరుమా. మొదటి పది కార్డుల మీద ముద్ర కుడిమూల కొలిచినట్టు పడింది. పదకొండోదాని దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఫోన్ చేశారు. ఆయన ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వంగి వంగి దండాలు పెడుతూ మిగతావన్నీ కానిచ్చాడు. తర్వాత ముద్ర వేసిన కరపత్రాన్ని, పద్ధతి ప్రకారం, తిరిగి స్కాన్ చేసి, 'ఆమోదించిన ప్రతి' అని పేరు పెట్టి విశ్వవిద్యాలయానికి తన చేతుల మీదుగా పంపించాడు. చిజుకో అక్కడ పెట్టి వచ్చిన ప్రతిని, అందులో ముద్ర లేదు కాబట్టి, తీసేయమని కూడా చెప్పాడు.

స్కాన్ చేస్తే అది ఫొటో అవుతుంది. ఫొటో లేచి నిలబడదు. ఈ సంగతి ఆయనకి తట్టలేదు, ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

సభ రోజు హాలు నిండిపోయింది. పాత శిష్యులు, సాటి ఆచార్యులు, ముందు వరసలో మాస్టారి భార్య ఒళ్ళో పూలగుత్తి. వెనక గోడవార చిజుకో, పక్కన కురిబారా. ముద్ర పడిన కార్డుల కట్టని విశ్వవిద్యాలయం ఆఫీసుకి అప్పగించాలని గుడ్డలో మూటకట్టి ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు. మాస్టారు ముందు అసలు దరుమాని టేబుల్ మీద కెమెరా కింద పెట్టి పెద్ద తెరమీద చూపించాడు. ఆ తర్వాత, "ఇక నా లెక్క ప్రకారం గీసిన బొమ్మ," అంటూ కరపత్రం తెరిచి, బొమ్మ మీద నొక్కాడు.

దరుమా పడుకుని ఉంది. పక్కనే ఎర్రగా కురిబారా ముద్ర.

మళ్ళీ నొక్కాడు. పడుకునే ఉంది. విరమణ చేస్తున్న మనిషి వెనకాల, ఇంతెత్తు తెరమీద, లేవనంటున్న దరుమా. హాల్లో ఎవరో దగ్గారు. మాస్టారి భార్య పూలగుత్తిని సర్దుకుంది.

"మన ముద్ర స్పష్టంగా ఉంది," అని గొణిగాడు కురిబారా.

చిజుకోకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. అసలు ఫైలు అచ్చుకూటం కంప్యూటర్లో ఉంది, వెళ్ళి తెచ్చే వ్యవధి లేదు. కళ్ళముందు నాలుగు శుభాకాంక్షలు వరసగా నిలబడ్డాయి. ఆ తర్వాత కురిబారా ఒళ్ళో మూట కనబడింది.

"ఇటివ్వండి!"

"అది ఆమోదించిన..."

లాక్కుంది. మధ్యదారిలో గబగబా నడిచింది, ఒక ఆచార్యుడి గొడుగు తన్నింది, ఆ గొడుగుకీ ఆయనకీ క్షమాపణ చెప్పింది. "మాస్టారూ, ఒక్క నిమిషం," అని తెరని మళ్ళీ కెమెరాకి మార్చి, అసలు బొమ్మని పక్కకి జరిపి, మూట విప్పి కార్డుల కట్టని కెమెరా కింద పట్టుకుని, బొటనవేలితో ఒక్కొక్కటే వదలడం మొదలుపెట్టింది.

తెరమీద దరుమా కదిలింది. తల ఎత్తింది, లేచింది, అటు ఒరిగింది, ఇటు ఒరిగింది. కార్డులు గట్టివి కాబట్టి టపటపమని చక్కగా పడుతున్నాయి. దానితోపాటు ఎర్రముద్ర కూడా లేచింది. మూలనుంచి ఎగిరి బొమ్మ పొట్టమీద దూకింది, భుజమెక్కింది, తలకిందులైంది, మీసాల్లో దాక్కుని మళ్ళీ బయటికొచ్చింది. మొదట వెనక వరస నవ్వింది, తర్వాత హాలంతా. మాస్టారు మాత్రం నవ్వలేదు. బొమ్మని మాత్రమే చూస్తున్నాడు, పెదాలతో ఊగులు లెక్కపెట్టుకుంటూ.

ఊగులు చిన్నవయ్యాయి. ఇంకా చిన్నవయ్యాయి. చివరి కార్డు దగ్గర దరుమా నిలబడింది. ముద్ర దాని దిద్దని కంటి దగ్గర ఆగింది. సరిగ్గా కంట్లోనే పడిందని కొందరంటారు, కాదు బుగ్గమీదని కొందరంటారు. చిజుకో చెయ్యి కూడా అలాగే ఆగిపోయి ఉంది, కాలు కూడా. ఎంతసేపు అలా నిలబడిందో ఆవిడకి తెలియదు.

"ఇదిగో," అన్నాడు మాస్టారు మెల్లిగా, "ఇలా ఆగుతుంది."

చప్పట్లు మోగాయి.

బయటికొచ్చేసరికి గుండెజబ్బుల ఆచార్యుడొకాయన ఆవిణ్ణి పట్టుకుని, తన పుస్తకంలో గుండె కొట్టుకోవాలని అడిగాడు. కురిబారా అంతా విన్నాడు, ఆవిడ తరఫున తనే సరేనన్నాడు. కార్డుల సెక్షన్ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ కారెక్కాక, పొడిగాలి అద్దాలని ఊపేస్తుంటే, ఆయన ఉండబట్టలేకపోయాడు.

"ముప్ఫై ఏళ్ళుగా నా ముద్రకి ఒక మర్యాద ఉందండీ మొగి గారూ. అంతమంది ఆచార్యుల ముందు దాన్ని కోతిలా గంతులేయించారు!"

"మీరు కుదురుగా వేసుంటే, అదీ కుదురుగానే ఉండేదండీ."