తెర మూలన దీపం

కరీంనగర్‌లో నేను పనిచేసిన కంప్యూటర్ సెంటర్‌లో, పెద్ద మెషిన్ తెర మీద కింది మూలన ఒక దీపం వెలుగుతుండేది. బొమ్మ దీపమే. సెంటర్ నడిపే మా సార్ కూతురు సరదాగా రాసుకున్న ప్రోగ్రాము. అది రాసిన ఎండాకాలమే మెదడువాపు జ్వరంతో పోయింది ఆ పిల్ల. పుస్తకాల మధ్య ఆ ఫ్లాపీ దొరికితే, మెషిన్ వేయగానే ముందు దీపమే వచ్చేలా పెట్టించారు సార్. పొద్దున రాగానే ఆ మూలకు దండం పెట్టుకునేవారు.

నేను చదివింది పదో తరగతి, టైపు లోయరు. పెద్దపల్లి మిల్లుల ధాన్యం లెక్కలు కొట్టేదాన్ని. వాటిని తేల్చే ప్రోగ్రాము రాసినాయనది లక్సెట్టిపేట. నేను అన్నా అని పిలిచేదాన్ని. కోతల లెక్కలు వచ్చిపడ్డాక ఆ ప్రోగ్రాము కదలడమే మానేసింది. మిల్లువాళ్లు వచ్చి తిట్టిపోయేవారు. నెలాఖరులోగా బాగుచెయ్యకపోతే వేరే మనిషిని చూసుకుంటానని సార్ అన్నకు చెప్పేశారు.

అన్న హైదరాబాద్ నుంచి ఇంకో ఫ్లాపీ తెచ్చాడు. ప్రాసెసర్ లోపలే చిన్న మీటర్లుంటాయట, తను చేసే ఒక్కో పనినీ లెక్కపెట్టుకుంటాయట. ఆ అంకెను ఈ ఫ్లాపీ చదివి చూపిస్తుంది. మా బాపు నడిపే కరెంటు సాంచ మగ్గానికీ అలాంటి మీటరే ఉండేది, పోగు పడ్డప్పుడల్లా తిరిగేది. అందుకే నాకు వెంటనే అర్థమైంది. ఎంతసేపు పట్టిందో గడియారం చెబుతుంది, ఎంత చాకిరీ అయిందో మీటరు చెబుతుంది.

అంకె మరీ పెద్దగా వచ్చేది. తప్పు తనదేననుకుని అన్న ప్రోగ్రామంతా తిరగరాశాడు. అయినా తగ్గలేదు. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకుపోయేవాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. లోపలే ఉండిపోయిన మీటరు ఫ్లాపీతోనే మెషిన్ మొదలైంది. అవే లెక్కలు మళ్లీ పెడితే అంకె బాగా పడిపోయింది. అన్న అంకెనే చూస్తున్నాడు. నాకేమో మూలన ఖాళీ కనబడింది.

"అన్నా, దీపం రాలే."

దీపం ప్రోగ్రాము ఉన్నది మెషిన్ లోపలి డిస్కులో. అన్న ఫ్లాపీ తీసి, మెషిన్‌ను రోజూలాగే మళ్లీ వేశాడు. దీపం వచ్చింది, అంకె పెరిగింది. ఆ మంట కదలడానికి మెషిన్ పొద్దంతా దాన్ని గీస్తూ, చెరుపుతూ ఉందన్నమాట. ఎవరి పనైతే మీటరుకేం, అన్నీ కలిపి లెక్కపెట్టింది.

నేను సార్ గది వైపు పరుగెత్తబోయాను.

"ఆగు చెల్లె. బిడ్డ పోయినాయనకు దీపం ఆర్పుమని చెప్తవా?"

"మరి నీ నౌకరి?"

మా గొంతులు విని సారే వచ్చి ఏమైందని అడిగారు. నా నోరు ఊరుకుంటేనా, మొత్తం చెప్పేశాను.

సార్ కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు అంకెలూ చూపించమన్నారు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి చూసుకున్నారు.

"గీ ఎక్కువున్నదంత నా బిడ్డ చేసిన పనేనా?"

"అవును సార్."

"ఎవ్వలు సూడకున్నా చేస్తనే ఉన్నదా?"

అన్న తలూపాడు. దీపం తీసేయడానికి ఏం నొక్కాలో అడిగి, సార్ తన వేలితోనే నొక్కారు. నెలాఖరు మాట మరిచిపొమ్మని అన్నతో చెప్పి లేచారు.

ఆరోజు లెక్కలు పొద్దుండగానే అయిపోయాయి. కాగితాలు తీసుకుని సార్ గదికి వెళ్లాను. ఎవరూ వాడని పాత మెషిన్ ముందు కూర్చున్నారు. దానికి బలం తక్కువ, తెర మూలన దీపం మంట ఆగి ఆగి కదులుతోంది. కాగితాలు బల్ల మీద పెట్టమని చేత్తో చూపించారు, తల తిప్పలేదు.