బీడీ తంబాకంత తేమ

కొబ్బరి పొట్టు మీద వాననీళ్లు పోస్తే ఒక వాసన లేస్తుంది. ఏడాదిపాటు మూతపడి ఉన్న చెక్కపెట్టెను తెరిచి అందులో ముఖం పెట్టినట్టుంటుంది. ఈ పొద్దున సూర్యాపేటలో మా ఇంటి వరండాలో, వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో పొట్టు పరిచి, డాబా మీద పట్టిన నీళ్లు పోశాను. వాసన వంటింటి దాకా పోయినట్టుంది. "మీ మేస్త్రి వచ్చిండా ఏంది?" అంది నా భార్య లోపలి నుంచే. లింగయ్య మేస్త్రి పోయి చాలా ఏళ్లయింది. అయినా ఏటా వానలు మొదలవగానే ఆయన మా ఇంటికి ఇట్లాగే వస్తాడు.

మీరు ఆయనను చూసి ఉండరు. చూసినా రెండోసారి తిరిగి చూడాలనిపించే మనిషి కాదు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ దగ్గర మేస్త్రి. సొంతూరు మోతె, తాతతండ్రులు గొర్రెలు కాసినవాళ్లు. ఆయన కింద నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. లారీ వచ్చినప్పుడల్లా బస్తాలోంచి గుప్పెడు వడ్లు తెచ్చి ఆయన చేతిలో పోయడం నా పని. ఆయన ఒక గింజను పంటి కింద పెట్టి కొరికేవాడు. చప్పుడును బట్టి తేమ ఎంతుందో చెప్పేవాడు. మిల్లులో తేమ చూసే మిషన్ కూడా ఉండేది కానీ రైతులకు ఆయన పంటి మీదే గురి. ఎందుకంటే అనుమానం వస్తే ఆయన "తెల్వది, ఇంకో గింజ తే" అనేవాడు. మిషన్ ఏనాడూ తెలియదని అనలేదు. నేనూ అనలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు సత్తయ్య. సత్యంతో నా చుట్టరికం ఆ పేరు దగ్గరే ఆగిపోయిందని మా వేములపల్లిలో అనుకునేవారు. మా బావిలో కప్ప అరిస్తే పక్క పొలం రైతు మోటారు నడుస్తుందనుకుని స్విచ్చి ఆపడానికి వచ్చాడని నేను చెప్పేవాణ్ణి. చెప్పినప్పుడల్లా ఆ కప్ప కొంచెం లావయ్యేది. మిల్లులో నన్ను కోతల సత్తయ్య అనేవారు. "కోతలు మస్తుగ కోస్తవ్ సత్తీ, వడ్లే ఎన్నడు కనవడయి" అన్నాడు మేస్త్రి ఒకసారి. ఆయన నన్ను మందలించింది ఆ ఒక్క మాటతోనే. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ చేసుకున్నాను.

ఒక యాసంగిలో డ్రయ్యర్ బెల్టు తెగితే కొత్తది తేవడానికి ఇద్దరం కోదాడ పోయాం. బెల్టుల దుకాణం ఇంకా తెరవలేదు. పక్కన అక్వేరియం షాపు ఉంటే పొద్దు గడపడానికి లోపలికి వెళ్లాం. మూలనున్న చిన్న తొట్టిలో వేలెడైనా లేని చేపలు. మగదాని ఒళ్లంతా నీలి పొలుసులు, ప్రతి పొలుసుకూ ఎర్రటి అంచు, తోక నిండు కుంకుమ రంగు. "కిల్లీ ఫిష్ అంటారండి వీటిని, ఆరేడు నెలల కంటే ఎక్కువ బతకవండి" అన్నాడు షాపాయన. మేస్త్రి కాసేపు ఆలోచించి, "మా దిక్కు పాన్ డబ్బల గిసొంటియి దొరకయి" అన్నాడు. షాపాయన నవ్వి నవ్వి, తర్వాత ఓపిగ్గా వివరించాడు. అవి ఆఫ్రికాలో వానకు నిండి ఎండకు ఇంకిపోయే గుంటల్లో పుడతాయట. గుంట ఎండేలోగా బురదలో గుడ్లు పెట్టి చచ్చిపోతాయట. గుడ్లు మాత్రం మట్టిలో నెలల తరబడి ఓపికపట్టి, మళ్లీ వాన పడిన రోజున పిల్లలవుతాయట.

ఇదేం విశేషం, మా తాత దుక్కి దున్నుతుంటే ఎండిన మట్టిపెళ్లల్లోంచి చేపలు ఎగిరి పడేవని నేను అందుకున్నాను. షాపాయన నోరు తెరిచి విన్నాడు. మేస్త్రి నా వైపు చూడలేదు. తొట్టి ముందు గొంతుక్కూర్చుని, "వడ్లు గూడ గంతే గద, ఎండితే సచ్చినట్టే కనవడ్తయి" అన్నాడు తనలో తాను. ఒక మగచేప, రెండు ఆడచేపలు కొన్నాడు. ఆ రోజు బెల్టు తేవడం మరిచిపోయి వచ్చామని నేను మిల్లులో చెప్పాను. నిజానికి తెచ్చాం.

మిల్లు వెనక ఆయన గదిలో గాజుతొట్టి వెలిసింది. సాగర్ కాలువ గట్టున దొరికిన నీటిమొక్కలు తెచ్చి ఇసుకలో నాటాడు. కానీ మా బోరు నీళ్ల సంగతి తెలిసిందే, కాచిన గిన్నెకు సున్నం పూత పూస్తాయి. వారంలో ఒక ఆడచేప ముడుచుకుని చచ్చిపోయింది. అప్పటి నుంచి డాబా మీద వాన పడితే తెల్లబట్ట కట్టి నీళ్లు పట్టేవాడు. తొట్టి అడుగున ఒక గిన్నెలో ఉడకబెట్టిన కొబ్బరి పొట్టు పెట్టాడు. మగచేప ఆడచేపను పక్కకు ఒత్తుకుంటూ ఆ పొట్టులోకి దూరేది. అదే వాటికి బురద. రెండు వారాలయ్యాక ఆ పొట్టును బట్టలో పిండి, కాగితం మీద ఆరబెట్టి, కవర్లో కట్టి దాచాలి.

ఎంత ఆరాలన్నదే చిక్కు. కొంచెం తేమ ఉండాలన్నాడు కోదాడ ఆయన. కొంచెం అంటే ఎంత? పంటి కింద పెట్టి చూద్దామంటే అవి గుడ్లు. మేస్త్రి నాలుగు రోజులు ఆ పొట్టును వేళ్ల మధ్య నలుపుతూ తిరిగాడు. ఐదో రోజు పొద్దున్నే నన్ను పిలిచి, ఒక బీడీని విప్పి తంబాకును నా అరచేతిలో పోశాడు. "గిది. దీనికంటే తడుంటే కుళ్లుతది, పొడుంటే సస్తది." తర్వాత రెండో చేతిలో పొట్టు పోసి కళ్లు మూసుకోమన్నాడు. ఏ చేతిలో ఏది ఉందో నేను చెప్పలేకపోయాను. కవరు మూతి కట్టి, పైన కాగితం అంటించి, ఆయన భాషలో దాని పేరు రాశాడు: వానకాలం నారు.

నీళ్లు ఎప్పుడు పోయాలో గుడ్డే చెబుతుంది. లోపలి పిల్లకు కళ్లు ఏర్పడి, భూతద్దంలో చూస్తే వాటి చుట్టూ బంగారు గీత మెరుస్తుంది. అప్పటికే మేస్త్రి కళ్లకు పొర కమ్మింది. గుడ్డు ఆవగింజంతైనా ఉండదు. "జర సూడు సత్తీ, కండ్లు వచ్చినయా?" అని భూతద్దం నా చేతికిచ్చాడు. నాకు కనిపించింది తెల్లటి చుక్క. కానీ ఎదురుగా ఒక మనిషి అంత ఆశగా నిలబడితే ఖాళీ చేతులతో పంపే అలవాటు నాకు లేదు. "వచ్చినయ్ మేస్త్రీ, నన్నే గుడ్లురిమి సూస్తున్నయ్" అన్నాను. ఆయన మురిసిపోయి ఆ కవరులో సగం పొట్టు మీద నీళ్లు పోశాడు. ఒక్క పిల్ల లేవలేదు. మూడు రోజులకు గుడ్లన్నీ బూజు పట్టాయి. ఆయన ఆ నీళ్లు పారబోస్తూ, "తొందరపడ్డ" అన్నాడు. నేను తొందరపెట్టానని మాత్రం ఆయన అనలేదు. ఆ నెలలోనే తొట్టిలోని చేపలు రెండూ ముసలివై చచ్చిపోయాయి. కోదాడ షాపుకు ఫోన్ చేస్తే ఆ రకం మళ్లీ రాలేదన్నారు. మిగిలింది ఆ కవరులోని మిగతా సగం.

అప్పుడే ఆయనకు కంటి ఆపరేషన్. నెల రోజులు నేరేడుచర్లలో కూతురింట్లో ఉండాలి. పోయేముందు ఆ కవరు తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. మిల్లులో ముప్పై మంది ఉండగా నాకే ఎందుకిచ్చాడని ఇప్పటికీ అనుకుంటాను. దుమ్ము తగలని, ఎండ పడని చోట పెట్టమని మాత్రం చెప్పాడు.

అప్పుడు నేను వేములపల్లిలో అన్నావదినలతోనే ఉండేవాణ్ణి. ఇంట్లో అటక మీద పెట్టాను. అదేమిటని వదిన అడిగింది. చేపలని చెబితే సరిపోయేది. అది మేస్త్రి దగ్గరున్న రహస్యమైన మందనీ, నారుమడిలో చిటికెడు చల్లితే వారంలో జానెడు లేస్తుందనీ చెప్పాను. కవరు మీద వానకాలం నారు అని రాసే ఉంది కదా, అబద్ధానికి అంత మంచి సాక్ష్యం నాకు మళ్లీ దొరకలేదు. జూన్ చివర్లో అన్నయ్య నారు పోశాడు. ఒక సాయంత్రం నేను మిల్లు నుంచి వచ్చేసరికి అటక ఖాళీ.

"మడిల సల్లిన. నువ్వే గద చెప్పినవ్ మరిదీ?" అంది వదిన. కవరులో ఇంకేమైనా మిగిలిందా అంటే, వృథా ఎందుకని దులిపి మరీ చల్లానంది.

మర్నాడు షేరాటోలో నేరేడుచర్ల పోయాను. దారి పొడుగునా అబద్ధాలు పేర్చుకున్నాను. ఎలుకలు కొరికాయి, చీమలు పట్టాయి, పిల్లి లాక్కుపోయింది. దేనికదే బాగుంది. మేస్త్రి నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే, "సత్తీ, నారు మంచిగున్నదా?" అన్నాడు. ఆ అద్దాల్లో నా ముఖం రెండుచోట్ల కనిపించింది. ఎందుకో ఒక్క అబద్ధమూ నోటికి రాలేదు. భూతద్దం దగ్గర చెప్పిన దానితో మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను.

అంతా విని ఆయన అడిగింది ఒకటే, మడికి పెట్టింది బోరు నీళ్లా, కాలువ నీళ్లా అని. కాలువ నీళ్లన్నాను.

"అయితే పో. రోజు పొద్దుగాల మడి కాడ కూసో. ఉన్నది ఉన్నట్టు ఫోన్ల చెప్పు. నాకు ఇప్పుడు కండ్లు లెవ్వు, నువ్వే నా కండ్లు."

మడి మీద యూరియా చల్లొద్దని అన్నయ్య కాళ్లావేళ్లా పడ్డాను. నారు పాలిపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా అని తిట్టి, చివరికి ఐదు రోజులు గడువిచ్చాడు. చేపల కోసమని చెబితే ఊరంతా వచ్చి గట్టు మీద నిలబడి నవ్వింది. "కప్ప అయిపోయింది, ఇగ చేపలు షురూ చేసిండు" అన్నారు. నా జీవితంలో నేను చెప్పిన మొదటి నిజానికి దక్కిన మర్యాద అది.

మొదటి రోజు నీళ్లలో దోమ పురుగులు, తోకకప్పలు తప్ప ఏమీ లేవు. ఫోన్‌లో అబద్ధం ఎంత తేలికో నాకు తెలుసు. అవతల మనిషి ముఖం కనబడదు. పైగా ఒక చేప కనిపించిందంటే ఆ ముసలాయన ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. "లెవ్వు మేస్త్రీ" అన్నాను. రెండో రోజూ అదే మాట. మూడో రోజు నారు మొదళ్ల మధ్య ఉల్లిపొరంత సన్నగా ఏదో కదిలి మాయమైంది. అది చెబితే, చేపనా, దోమ పురుగునా అని అడిగాడు. గుండె చేప అంటోంది. కన్ను మాత్రం అనడం లేదు.

"తెల్వది" అన్నాను.

అటువైపు నుంచి ఆయన నవ్వు వినిపించింది, గింజ కొరికిన చప్పుడులా పొట్టిగా, గట్టిగా.

"ఇగ నీకు కండ్లొచ్చినయ్ సత్తీ" అన్నాడు.

దోమ పురుగు కిందికీ మీదికీ కొట్టుకుంటుందని, చేపపిల్ల ఒకచోట నిలిచి ఒక్కసారిగా దూకుతుందని చెప్పాడు. అట్లా చూస్తే నాలుగో రోజుకు అవి చేపలేనని తెలిసింది. ఒక్కటి కూడా కాలువలో పడకూడదని, మన కాలువ చేపలకు వీటితో ఏం ముప్పో తెలియదని గట్టిగా చెప్పాడు. మడి నీళ్లు బయటికి పోకుండా మట్టి కట్టి, చాయ్ జాలీతో రెండు రోజులు ప్రతి మూలా దేవాను. దొరికినవి ఏడు. స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని షేరాటోలో నేరేడుచర్ల తీసుకుపోతే మేస్త్రి మూత తెరిచి, చూపు ఆనక, నీళ్లకు చెవి ఆనించాడు.

ఆయన అద్దాలు తీసేనాటికి వాటిలో మూడు బతికి ఉన్నాయి. ఒక మగది, రెండు ఆడవి. కోదాడ నుంచి వచ్చినట్టే, అదే లెక్కలో. మా వరండాలో ఈ పొద్దున నానుతున్నది వాటి సంతతే. నీళ్లు పోసేముందు భూతద్దంతో ప్రతి గుడ్డు కళ్లలోకి చూశాను.

కథలు చెప్పడం నేను మానలేదు. బావిలో కప్ప ఇప్పుడు దూడంత అయింది. నారుమడిలో చేపల సంగతి కూడా చెబుతుంటాను, ఎవరూ నమ్మరు. ఎన్ని దొరికాయని అడుగుతారు, ఏ డెబ్బయ్యో ఏడు వందలో చెబుతానని ముందే నవ్వడానికి సిద్ధమై. ఏడు అంటాను. ఇన్నేళ్లలో నా కథలన్నింట్లో పెరగని అంకె అదొక్కటే.

నా భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి డబ్బాలోకి వంగింది. "ఎన్ని లేస్తయ్ ఈసారి?"

"తెల్వది" అన్నాను.