మూడు గంటల సిగ్నల్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా గల్లీలో అందరికీ తెలుసు. డిష్‌ల గురించి నాకు తెలియనిది లేదని మాత్రం నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. మొయినాబాద్‌లో మా మిద్దె మీద ఆరడుగుల డిష్ ఉంది. చందనవెల్లిలో డ్యూటీ దిగి వచ్చి, సాయంత్రం ఆరింటికి దాని ముందు కూర్చుని ఏ ఉపగ్రహం నుంచి ఏ ఛానెల్ దొరుకుతుందో వెతకడం నా పిచ్చి.

మూడిళ్ల అవతల రేకుల ఇంట్లో ఒక అవ్వ ఉంటుంది. పొద్దున కనకమామిడిలో ఒక ఫామ్‌హౌస్ తోటపనికి పోయి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. ఆమె చూసే ప్రార్థన ఛానెల్ ఉన్నట్టుండి ఒక పాత ఉపగ్రహానికి మారిపోయింది. అందులో రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు, జనం రాసి పంపిన మనవులు పేర్లతో సహా చదువుతారు. ఎవరిది ఏ రోజు చదువుతారో చెప్పరు. చేవెళ్లలో ఉన్న ఆమె కూతురికి రెండుసార్లు కడుపు నిలవలేదు, ఇప్పుడు మళ్లీ మూడో నెల. అవ్వ ఉత్తరం రాయించి పంపింది.

"అడిగినోళ్లు ఆ టైముకు ఆమెన్ అనాలె బిడ్డా. అనకుంటే ఆ ప్రార్థన మనది కాదు," అంది.

మూలకు పడి ఉన్న నా పాత డిష్‌ను ఆమె పెరట్లో నిలబెట్టి, ఒక సాయంత్రం ఆరింటికి సిగ్నల్ పట్టి ఇచ్చాను. మర్నాడు మూడింటికి బొమ్మ రాలేదంది. ఆరింటికి వెళ్లి చూస్తే నిక్షేపంగా ఉంది. తర్వాతి రోజూ అంతే. నాలుగో రోజు నాకు ఒళ్లు మండింది. డిష్ స్తంభానికి కట్టిన తాడు మీద తడిబట్టలు ఆరేసి ఉన్నాయి.

"దీనికి తాడెవరు కట్టమన్నరు? గిట్ల గుంజితే కదలదా?" అని పక్కింటివాళ్లు వింటుండగానే అరిచాను.

"పొద్దుగాల్నే కట్టిన కొడుకా, ఇంతకుముందు లేకుండే," అని నెమ్మదిగా చెప్పి తాడు విప్పేసింది.

విప్పినా మర్నాడు మూడింటికి రాలేదు. అప్పుడు నా కళ్లు డిష్‌కు ముందున్న మునగచెట్టు మీద పడ్డాయి. మధ్యాహ్నం గాలికి కొమ్మలూగి అడ్డమొస్తున్నాయని తేల్చేశాను. "చెట్టు ఉంచుకుంటవో, ఛానెల్ ఉంచుకుంటవో నీ ఇష్టం," అన్నాను. కూతురికి ఒంట్లో రక్తం పడుతుందని వారానికి రెండుసార్లు ఆ చెట్టు ఆకే చేవెళ్లకు పంపేది. రెండు రోజుల్లో చెట్టు కొట్టించింది.

వారం తిరగకుండా మూడింటికి బొమ్మ వచ్చింది. అవ్వ చర్చిలో అందరికీ నా తెలివి గురించి చెప్పింది. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

రెండు నెలలకు, సాయంత్రం పూట మా మిద్దె మీది డిష్‌లోనే ఆ ఛానెల్ పోవడం మొదలైంది. అక్కడ చెట్టూ లేదు, బట్టల తాడూ లేదు. ఒక ఆదివారం పొద్దున్నుంచీ సిగ్నల్ కొలిచే మీటరు పెట్టుకుని కూర్చున్నాను. సిగ్నల్ దానంతటదే పోతోంది, దానంతటదే వస్తోంది. ఇంటర్నెట్‌లో వెతికితే సంగతి తెలిసింది. ముసలిదైన ఉపగ్రహంలో మిగిలిన కాస్త ఇంధనాన్ని పొదుపు చేయడానికి, దాన్ని ఒక్కచోట నిలిపి ఉంచడం మానేస్తారు. అది రోజంతా ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతుంటుంది. కదలని డిష్‌కు ఎదురుగా వచ్చిన వేళకే దొరుకుతుంది. ఆ వేళ కూడా రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుగుతుంది; సాయంత్రం దొరికేది కొన్నాళ్లకు మధ్యాహ్నమే దొరికి, సాయంత్రానికి పోతుంది.

అంటే నేను రోజూ ఆరింటికే పోయి, ఆరింటికి ఉంది కాబట్టి తప్పు ఆమెదన్నాను. చెట్టు ఉన్నా ఆ వారానికి మూడింటికి సిగ్నల్ వచ్చేదే.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంటూ, అవ్వ ఎదురొస్తే పక్క గల్లీలోకి తిరిగేవాణ్ణి. మళ్లీ మూడింటికి ఎప్పుడు పోతుందో నాకు తెలుసు. అనుకున్నట్టే పోయింది. ఆ సాయంత్రం అవ్వ మా గేటు దగ్గరికి వచ్చింది.

"కోపం చేయకు బిడ్డా, తప్పు నాదే. మునగ మొదలుకు చిగుర్లు పెట్టినయ్, నేను చూస్కోలే. అన్ని గిల్లి పారేసిన. జర వచ్చి చూడు. పిల్లకు ఎనిమిదో నెల పడ్డది, ఇంకా పేరు చదవలే."

నైట్ షిఫ్టుకు మారాను. రోజూ రెండున్నరకు ఆమె పెరట్లో బోల్టు వదులుచేసి, మీటరు చూసుకుంటూ డిష్‌ను చేత్తో కొద్దికొద్దిగా వంచుతూ నిలబడేవాణ్ణి. ఎందుకు పట్టుకున్నావంటే బోల్టు అరిగిందని చెప్పాను. అదో అబద్ధం.

ఐదో రోజు లోపలి టీవీలోంచి ఆమె కూతురి పేరు వినిపించింది. వెంటనే అవ్వ గొంతు, "ఆమెన్". నేను డిష్‌ను కదలనివ్వలేదు.

అవ్వ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి మునగ మొదలు వైపు చూసింది.

"చిగుర్లు తీసిన కాడికెల్లి ఒక్కరోజు ఆగలే. మొదలు గూడ తవ్విపియ్యమంటవా బిడ్డా?"

"వద్దవ్వా, ఉండనీ. అది అడ్డం రాదు," అన్నాను.

మరి అంత చెట్టును ఎందుకు కొట్టించినవని ఆమె అడగలేదు. అడుగుతుందేమో, అడిగితే చెప్పేద్దామని అక్కడే నిలబడ్డాను. ఆమె నాకు చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.