వెర్నన్ ఆగ్డెన్ ముక్కూ, గుండీ అంత పువ్వూ

వెర్నన్ ఆగ్డెన్ ముప్పై ఒక్క ఏళ్లు క్లిథరో చుట్టుపక్కల ఊళ్లకు బస్సు నడిపాడు. రిటైరయ్యాక తోటి డ్రైవర్లు చేపలు పట్టడానికో పబ్బుకో పోతే, అతను పెరట్లో చిన్న గాజుగది కట్టుకుని అందులో గడ్డిపోచలు పెంచడం మొదలుపెట్టాడు. అవి గడ్డిపోచలు కావని, స్పెయిన్ కొండల రాళ్ల సందుల్లో పూసే పొట్టి డాఫోడిల్ మొలకలని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. జానెడు కాడ, చొక్కా గుండీ అంత పసుప్పచ్చ పువ్వు. మూడు పూస్తే గదంతా గుబాళిస్తుందట. గింజ నుంచి పువ్వు దాకా అయిదేళ్లు. బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యమైతేనే జనం అతన్ని తిట్టిపోసేవారు. అలాంటిది ఒక్క పువ్వు కోసం తను అయిదేళ్లు స్టాపులో నిలబడ్డాడు.

మూడో ఏట చలికాలంలో అతనికి ఒక మాయదారి జ్వరం పట్టుకుంది. పది రోజుల్లో జ్వరం పోయింది. పోతూ పోతూ వాసన తెలిసే శక్తిని కూడా పట్టుకుపోయింది. కాఫీ వేణ్ణీళ్లయింది, పొగ పట్టించిన చేప అట్టముక్క అయింది. వారం పది రోజుల్లో తిరిగి రాకపోతుందా అనుకున్నాడు. రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గేసింది. ఎందుకంటే అప్పటికే అతను స్థానిక తోటల సంఘంలో పరిమళాల పెద్దమనిషి. సంఘం వాళ్ల కరపత్రంలో 'వాసనతో వసంతం' అని నెలనెలా రాసేవాడు. అంత పేరున్నవాడు ఏ ముఖం పెట్టుకుని చెప్పుకుంటాడు?

అయిదో ఏట మార్చిలో మొదటి పువ్వు విచ్చుకుంది. వెర్నన్ మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు. చల్లగాలి లోపలికి వెళ్లింది. చల్లగాలే బయటికి వచ్చింది.

ఆ రోజు అతను ఏడవలేదు. అంతకన్నా తెలివితక్కువ పని చేశాడు. కుండీ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి భార్య ముక్కు కింద పెట్టాడు.

"డొరీన్, ఎలా ఉందో చెప్పు. నీ ముక్కు ఎంత పదునుగా ఉందో చూద్దాం."

ఆమె చేతులు తుడుచుకుని వాసన చూసింది. "తేనె లాగుంది. నారింజ పువ్వు కూడా కాస్త. చివర్లో మా అత్త రాసుకునే చేతుల క్రీము."

"పర్వాలేదు, బాగానే పట్టావు," అన్నాడు వెర్నన్, మాస్టారిలా. క్రీము సంగతి వదిలేసి మిగతాదంతా కరపత్రంలోకి ఎక్కించాడు.

అలా మూడు వసంతాలు గడిచాయి. కొత్త కుండీ పూసినప్పుడల్లా డొరీన్ ముక్కుకు పరీక్ష, ఆమె మాటలకు అతని సంతకం. పేరు ఎంత పెరిగిందంటే, ఆ ఏప్రిల్‌లో చర్చి హాల్లో ఉపన్యాసం ఇమ్మని కార్యదర్శి ఇనిడ్ క్రాషా స్వయంగా ఇంటికొచ్చి అడిగింది. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. కాదనడానికి వెర్నన్‌కు ధైర్యం చాలలేదు, కాదనాలనీ లేదు.

సరిగ్గా ఆ శనివారం డొరీన్ ప్రెస్టన్‌లో చెల్లెలింటికి వెళ్లింది. గాజుగది తలుపు ముందురోజు నుంచీ తెరిచే ఉంది. వెర్నన్ అన్నిటికన్నా బాగా పూసిన కుండీని ఏరుకుని, మట్టి తుడిచి, రిబ్బను కట్టి, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని హాలుకు నడిచాడు. దారిలో ఇద్దరు ముగ్గురు అతన్ని చూసి అవతలి పక్కకు దాటారు. ఉపన్యాసానికి వెళ్లే మనిషికి జనం దారి ఇస్తున్నారనుకున్నాడు.

నలభై నిమిషాలు బ్రహ్మాండంగా మాట్లాడాడు. ఇసుక ఎంత కలపాలో, వేసవిలో దుంపల్ని ఎలా ఎండనివ్వాలో చెప్పాడు. చివర్లో కుండీ ఎత్తి, పువ్వుల్లో ముక్కు పెట్టి, "ఆహా!" అన్నాడు. "తేనె, నారింజ పువ్వు! ఒక్కొక్కరే చూడండి!"

ముందు వరసలో ఇనిడ్ గారు వాసన చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చాలా... ప్రత్యేకంగా ఉంది, మిస్టర్ ఆగ్డెన్."

"కదండీ! ఒకసారి పీలిస్తే అంత తేలిగ్గా వదలదు."

"వదిలేట్టు లేదు," అంది ఆవిడ కుండీని పక్కాయనకు అందిస్తూ.

పక్కాయన దగ్గాడు. "ఘాటుగా ఉందండీ."

"సాయంత్రానికి ఇంకా పెరుగుతుంది!"

"ఇంకానా?" అన్నాడాయన దీనంగా.

కుండీ రెండు వరసలు దాటింది. పద్దెనిమిది మంది మర్యాదస్తులు వాసన చూసి, తల ఊపి, రుమాళ్లు తీశారు. ఇంతమందిని కదిలించానని వెర్నన్ ఛాతీ విరుచుకున్నాడు. మూడో వరసలో అతని పక్కింటి బెరిల్ కూర్చుంది. ఎనభై రెండేళ్ల మనిషి, ఈ వయసులో మర్యాద ఎందుకని ఎప్పుడో మానేసింది.

"ఒరేయ్ వెర్నన్! ఇది మా బిస్మార్క్ గాడి పనిరా!"

"ఏమన్నారు?"

"మా పిల్లి! నీ పువ్వుల మీద ఉచ్చ పోశాడు. పన్నెండేళ్లుగా నా తివాచీ మీద పీలుస్తున్నాను, నాకు తెలీదా ఈ కంపు?"

అక్కడైనా ఆగాల్సింది. కానీ ఆగిపోయిన బస్సును తొయ్యడం అతనికి అలవాటు. "అడవి పూలు కదండీ," అన్నాడు, "అలవాటు లేని ముక్కుకు మొదట్లో అలాగే ఉంటుంది."

హాల్లో ఒక్కరూ ఊపిరి తీయలేదు. అందుకు కారణాలు రెండు.

"మిస్టర్ ఆగ్డెన్," అంది ఇనిడ్ గారు మెల్లగా, ఏడ్చే పిల్లవాడితో మాట్లాడినట్టు, "మీకు ఇది తెలియడం లేదా?"

వెర్నన్ చేతిలో ఉపన్యాసం కాగితాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయిదేళ్లయిందండీ నా ముక్కు పోయి. ఇప్పుడిది కళ్లద్దాలు ఆనించుకోడానికే పనికొస్తోంది. ఈ పువ్వు వాసన నేను ఒక్కసారి కూడా చూడలేదు. రాసిందంతా మా ఆవిడ చెప్పిందే."

మొదట బెరిల్ నవ్వింది. ఆ తర్వాత అందరూ నవ్వారు. ఎవరో కిటికీలన్నీ తెరిచారు, ఆ పనికోసమే కాచుక్కూర్చున్నట్టు. ఇనిడ్ గారు స్వయంగా టీ కలిపి తెచ్చి, రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టి ఇచ్చింది.

సాయంత్రం డొరీన్ రాగానే అంతా చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది.

"నిన్నూ మోసం చేశాను," అన్నాడు వెర్నన్.

"ఏం చేశావు? మూడేళ్లుగా పువ్వు పూసినప్పుడల్లా నా ముక్కుకు పరీక్ష పెడుతుంటే, పోయింది ఎవరి ముక్కో తెలుసుకోలేనా?"

"మరి అనలేదేం?"

"నువ్వు అడుగుతుంటే బాగుండేది. ఇన్నేళ్ల కాపురంలో నా అభిప్రాయం ఎప్పుడడిగావు గనక?" ఆమె కళ్లు తుడుచుకుంది. "కిందటేడు ఒకదానికి పుచ్చకాయ వాసన అన్నాను చూడు, అది ఊరికే అన్నా. నువ్వు దాన్ని అచ్చేయించావు."

అప్పటి నుంచి కరపత్రంలో ఆ శీర్షిక కింద డొరీన్ పేరు వస్తోంది. వెర్నన్ ఇసుక గురించి రాస్తాడు. ఇసుకకు వాసన లేదు, అబద్ధం ఆడే ప్రమాదమూ లేదు. డాక్టరు దగ్గరికీ వెళ్లాడు. రోజుకు రెండుసార్లు లవంగం, నిమ్మ, యూకలిప్టస్ సీసాలు పీల్చమన్నాడాయన. నెలలు పట్టొచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. వెర్నన్‌కు ఆ లెక్క కొత్త కాదు గనక పీలుస్తూనే ఉన్నాడు.

మరుసటి ఫిబ్రవరిలో ఒక ఉదయం అతను పెరట్లో నిలబడి పెద్దగా అరిచాడు.

"డొరీన్! ఏదో వస్తోంది! తియ్యగా... కాదు, బరువుగా... నువ్వు రా, రా!"

డొరీన్ చెప్పులు వేసుకుని పరుగెత్తుకొచ్చింది. వచ్చి ముక్కు మూసుకుంది.

"డ్రైనేజీ పొంగింది, వెర్నన్."

"నిజంగానా? అంత చెడ్డగా ఉందా?"

"ఘోరంగా ఉంది."

వెర్నన్ పరుగున గాజుగదిలోకి వెళ్లి అప్పుడే విచ్చుకున్న పువ్వు మీదికి వంగాడు. చల్లగాలి, అంతే. మళ్లీ బయటికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, డ్రైనేజీ మూత పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాడు.

"ప్లంబరుకు ఫోన్ చెయ్యనా?" అంది డొరీన్ రుమాలు వెనక నుంచి.

"చేద్దాం," అన్నాడతను. "భోజనాలయ్యాక చేద్దాంలే."