అందరూ వచ్చేదాకా ఆగే పందెం

మా నాన్న రాయగడ మునిసిపాలిటీలో నీళ్ల పైపులు చూస్తాడు. మావాళ్ల ఇళ్లలో భోజనాలైతే బంతి మీద పెత్తనం ఆయనదే. చివరి ఆకులో అన్నం పడేదాకా మొదటి ఆకువాడు చెయ్యి కలపడానికి లేదు. మేం ఆకలికి నకనకలాడుతున్నా సరే, "అందరికీ పడిందా?" అంటూ బంతి పొడవునా నడుస్తాడు.

చెల్లి ఫోన్లలో పదిమందీ కలిసి ఆడే పడవల పందెం తయారుచేసింది. బొమ్మలు నావి. దామంజోడి టౌన్‌షిప్ క్లబ్బులో ఆడించి చూపే రోజున నాన్న కూడా మాతో బస్సెక్కాడు. చెల్లికి ఆయన పెట్టిన షరతు ఒకటే.

"జనంలో ఆడితే ఇదే సేసుకో అమ్మి. ఆగిపోతే ఒచ్చే నెల మావ కొట్లో కూకో."

పడవలు కదిలాయి. హాలంతా కేకలు. అంతలో అన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. "కణ హేలా?" అంటూ, ఏమైందని అందరూ మా మీద పడ్డారు. నేను వైఫైని నోటికొచ్చినట్టు తిట్టాను. చెల్లి లాప్‌టాప్‌లోంచి తలెత్తి, "ఒక ఫోను పలకడం నేదు. దాని కోసమే సర్వరు ఆగింది" అంది. ప్రతి అడుగుకీ అందరి ఫోన్లూ జవాబివ్వాలి, అప్పుడే పడవలు కదలాలి. నెట్టు సరిగా లేనివాళ్లు వెనకబడకూడదని తనే అలా రాసింది. ఆ బుద్ధి ఎక్కడిదో నాకు వేరే చెప్పాలా!

నాన్న చొక్కా జేబులోంచి మెల్లగా ఫోను తీశాడు. "నానూ సేరేను. మీ ఆట సూత్తూ జేబులో ఎట్టీసేను."

నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఎవరూ పాస్‌వర్డు దొంగిలించలేదు, దేన్నీ పగలగొట్టలేదు. జేబులో నిద్రపోయిన ఒక్క ఫోను హాలు హాలునే ఆపేసింది. గిట్టనివాడెవడైనా ఎక్కడో కూర్చుని "వచ్చాను" అని చెప్పి ఊరుకుంటే చాలు. పెద్ద పెద్ద ఆటల సర్వర్లను కూడా ఇలాంటి సందుల్లోంచే పడగొడతారని చెల్లి చెప్పింది.

తను అక్కడికక్కడే మార్చింది. కాసేపు చూసి, పలకనివాళ్లను వదిలి ఆట సాగేలా రాసింది. పడవలు కదిలాయి. నాన్నది మాత్రం ఒడ్డునే ఉండిపోయింది.

"నన్నొగ్గీసి ఎల్లిపోతన్నారేటే?"

"ఒగ్గీనేదు నాన్నా. నీ ఆకు తియ్యనేదు. నొక్కు, కలిసిపోతావు."

నాన్న తువ్వాలుతో వేళ్లు తుడుచుకుని నొక్కాడు. ఆయన పడవ వెళ్లి చివర్న కలిసింది.

తిరుగు బస్సులో మావ కొట్టు మాటే ఎత్తలేదు. ఫోనును అరచేతిలో పెట్టుకుని దానికేసే చూశాడు.

"నానొక్కణ్ణి పలక్కపోతే అంతమందీ ఆగేరే అమ్మీ!"